అడ్డా మీద లెక్కింపు

రోడ్డు పక్కన నిలబడి బండ్లు లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనని మా నాన్నకు నమ్మకం కుదరడానికి చాలా రోజులు పట్టింది.

"ఇంజనీరింగ్ జదివి బండ్లు లెక్కవెడ్తరా బిడ్డా?" అన్నాడు నేను పనిలో చేరిన రోజు. "నేను పొద్దుందాక గదే రోడ్డు మీద ఉంట. నన్నడిగినా చెప్తుంటి గద."

"ఊకే లెక్కవెట్టుడు కాదు డాడీ. ఏ బండ్లు ఎటు పోతున్నయి, జనం యాడ ఎక్కుతున్రు, యాడ దిగుతున్రు, అన్నీ చూసి రోడ్డు ఎట్లుండాల్నో చెప్తం. ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ అంటరు."

"అంటే రోడ్డుకు డాక్టరన్నట్టు," అంది అమ్మ బియ్యం ఏరుతూ.

నాన్నకు ఆ మాట తెగ నచ్చింది. మర్నాడే పోయి ఆటోల అడ్డా మీద అందరికీ అదే చెప్పాడట.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. నాన్న పీటర్ ఉప్పల్ నుంచి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు షేర్ ఆటో నడుపుతాడు. అమ్మ దానమ్మ నాచారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. సివిల్ ఇంజనీరింగ్ పూర్తయ్యాక, ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర స్వీట్ల దుకాణం పైన ఉన్న ఒక కన్సల్టెన్సీలో ఏడాది అప్రెంటిస్‌గా నన్ను తీసుకున్నారు. అప్పుడే ఎండలు ముదురుతున్నాయి. కంపెనీ ఇచ్చిన తెల్ల టోపీలు రెండుంటే ఒకటి నాన్నకిచ్చాను. ఆయన ఆ టోపీ పెట్టుకుని అద్దంలో రెండు వైపులా చూసుకున్నాడు.

నాకు పని నేర్పింది నరేందర్ సార్. మా టీమ్‌కు ఆయనే పెద్ద. ఆలేరు పక్క పల్లె ఆయనది. మొదటి వారమంతా నాచారం చౌరస్తాలో నా పక్కనే ఎండలో నిలబడ్డాడు. బండికొక గీత; నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. బస్సు వచ్చి ఎదురుగా నిలిచినా దాని వెనక పోయే బండి కంటికి దొరకాలంటే ఎక్కడ నిలబడాలో చేయి పట్టి చూపించినట్టు చూపించాడు.

"ఒక్కటి యాద్ పెట్టుకో ఎస్తేర్. ఫలానా రోజు లెక్కవెడ్తమని బయట ఎన్నడు చెప్పొద్దు. చెప్తే ఆ రోజు జనం వేరే తీరుగ నడుస్తరు. రోడ్డు రోజు ఎట్లుంటదో గట్లనే దొరకాలె మనకు."

నేను చదివిన నాలుగేళ్లలో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. దానిలో ఒక నీతి ఉందనిపించింది.

మధ్యాహ్నం పూట చౌరస్తా పక్క చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లం. నా డబ్బాలోని గోంగూర పప్పు సగం ఆయన ప్లేటులోకి పోయేది. "మా నాయిన హమాలి," అన్నాడొక రోజు. "నేను ఉద్యోగం చేస్తున్న అంటే, గా ఉద్యోగమేందో మా ఇంట్ల ఇప్పటికీ ఎవ్వరికి సమజ్ గాలె." ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకొన్నేళ్లకు నేను ఎక్కడుంటానో ఆయన్ని చూస్తే తెలిసినట్టయింది.

ఈస్టర్‌కు ఇంటికి పిలిస్తే కాదనకుండా వచ్చాడు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఆయనకేసి నాన్న గడపలో కూర్చున్నాడు. అమ్మ చేసిన మటన్ అడిగి మళ్లీ వేయించుకున్నాడు సార్.

"మా బిడ్డను మీరే సూస్కోవాలె సార్," అన్నాడు నాన్న.

"నాకు చెల్లె లెక్క. ఫికర్ జెయ్యకున్రి పీటరన్నా."

ఆయన వెళ్లాక అమ్మ ఆ ప్లేటు కడుగుతూ, "ఎంత సాదాగున్నడు," అని రెండు మూడుసార్లు అంది.

మా టీమ్‌కు వచ్చిన పని ఉప్పల్–నాచారం రోడ్డు మీద రద్దీ ఎట్లా తగ్గించాలో చెప్పడం. నాచారం చౌరస్తాలోనే నాన్న వాళ్ల అడ్డా ఉంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి వాళ్లకు సవారీలు సగమయ్యాయి. షిఫ్టు దిగే మగవాళ్లే దిక్కు. దానికి తోడు ట్రాఫిక్ పోలీసులు రోజూ వచ్చి లేపేవాళ్లు. రోడ్డు పక్కన ఇంత జాగాకు గీత గీసి ఆటోలకని బోర్డు పెడితే చాలు, ఇంకేమీ వద్దనేవాళ్లు డ్రైవర్లు.

ఆ అడ్డాకు పెద్ద హన్మయ్య కాక. ఎవరు ముందొస్తే వాళ్లది ముందు నంబర్. కాగితం లేదు, కలం లేదు, కాక నోటి మాటే నంబర్. ఎవరైనా దవాఖానాకు పోతే వచ్చేదాకా వాళ్ల నంబర్ వాళ్లకే ఉంచుతారు. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నాన్న ఏ వేళకు వచ్చినా అందరూ బండ్లు వెనక్కి తీసి ఆయన్ని ముందుకు పంపారు. అడ్డా మాట తప్పినవాడికి మాత్రం నంబర్ బంద్. వాడు అక్కడే నిలబడినా ఎవరికీ కనబడడు. వాడికి చాయ్ కూడా ఎవరూ చెప్పరు.

నేను సర్వే ప్రశ్నలు పట్టుకుని అడ్డా మీదికి పోగానే దుర్గేష్ అనే కుర్ర డ్రైవర్ కేకేశాడు. "డాక్టరమ్మ వచ్చింది, నాలుకలు సాపున్రి!"

"నీ నాలుక సాపకు, సూడలేం," అన్నాడు హన్మయ్య కాక. అందరూ ఘొల్లుమన్నారు. కాక నా వైపు తిరిగాడు. "ఏం అడుగుతవో అడుగు బిడ్డా. ఒక్కటి మాత్రం చెప్పు. మాకు జాగా వస్తదా?"

"జాగా ఇయ్యాలనే రాస్తం అన్నడు కాకా మా సార్."

సార్ నిజంగానే అన్నాడు. టోపీ పెట్టుకుని తన బండికి ఆనుకుని నిలబడ్డ నాన్న, ఆ మాట తనే అన్నట్టు అందరి మొహాలూ చూశాడు.

మే మొదట్లో ఒక సాయంత్రం సార్ నన్ను ఆఫీసు వరండాలోకి పిలిచాడు. కింద స్వీట్ల బట్టీ వేడి పైదాకా వస్తోంది.

"బుధవారం లెక్కింపు. డ్రోన్ గూడ ఎగరేస్తున్నం. మీ డాడీకి చెప్పు, ఆ రోజు అన్ని బండ్లు అడ్డా మీదనే ఉండాలె. పక్క అడ్డాలకెల్లి గూడ తెచ్చుకోమను."

"సార్, ముందుగాల చెప్పొద్దని మీరే అన్నరు గద?"

"అన్న. ఇది వేరే. నాలుగు బండ్లు కనబడ్డయనుకో, పైనోళ్లు గీ నాలుగు ఆటోలకు జాగా ఎందుకంటరు. మస్తుగ కనబడాలె. ఇది మనోళ్ల పని ఎస్తేర్, మనం గాకపోతే ఎవరు జేస్తరు?" గొంతు తగ్గించి, "నా పేరు మాత్రం రానియ్యకు. సర్వే చేసేటోడే చెప్పిండంటే బాగుండదు," అన్నాడు.

నా లోపల ఏదో అడ్డం తిరిగింది కాని, మనోళ్లు అన్న మాట దగ్గర ఆగిపోయింది.

ఇంటికొచ్చి చెప్తే నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "సారే అన్నడా?"

"అవ్ డాడీ. పేరు రానియ్యద్దన్నడు."

"నేనెందుకు చెప్త. పెద్దమనిషి," అన్నాడు నాన్న.

ఆ బుధవారం నాచారం చౌరస్తా జాతర లాగా ఉంది. బండ్లన్నీ కడిగి తెచ్చారు. కొన్నింటికి బంతిపూల దండలు. మల్లాపూర్ నుంచి, మల్కాజిగిరి నుంచి, రామంతాపూర్ నుంచి బావమరుదులు, దోస్తులు వాళ్ల వాళ్ల ఆటోలతో వచ్చారు. అన్నిటికంటే ముందు నాన్న బండి. ఒక వరస సరిపోక రెండో వరస, అదీ చాలక ఎదురుగా ఇంకో వరస పెట్టారు. ఫ్యాక్టరీల బస్సులు కదల్లేక హారన్లు కొడుతున్నాయి. దుర్గేష్ రోడ్డు మధ్యలో నిలబడి, "జర ఓపిక పట్టున్రి సార్, మాకు జాగా వస్తున్నది!" అని బస్సు డ్రైవర్లకు దండాలు పెడుతున్నాడు.

నేను నా చోట నిలబడి గీతలు గీస్తున్నాను. చేయి నొప్పి పుట్టేదాకా గీశాను. డ్రోన్ గుయ్‌మంటూ నెత్తి మీదికి రాగానే డ్రైవర్లందరూ పైకి చూసి చేతులూపారు. నాన్న టోపీ తీసి ఊపాడు.

నరేందర్ సార్ చాయ్ హోటల్ మెట్ల మీద నిలబడి నా వైపు చూసి బొటనవేలెత్తాడు. నేను పనిలో ఉన్న అన్ని రోజుల్లోకీ సంతోషంగా ఉన్న రోజు అదే.

మీటింగ్ జూన్‌లో జరిగింది. పెద్ద హాలు, చల్లగా ఉంది. లాప్‌టాప్ తీగలు కలపడానికి నన్ను తీసుకుపోయారు. కలిపి, గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. మాకు ఈ సర్వే అప్పగించిన ఆఫీసు వాళ్లు బల్ల చుట్టూ ఉన్నారు. నరేందర్ సార్ ఇస్త్రీ చొక్కాలో లేచి మాట్లాడుతున్నాడు. ఆయన అక్కడ మాట్లాడే తెలుగు కూడా వేరు.

తెర మీద నాచారం చౌరస్తా వచ్చింది, ఆకాశం నుంచి. మూడు వరసల ఆటోలు. మధ్యలో ఇరుక్కున్న బస్సులు. పైకి లేచిన చేతులు. ఖాకీ చొక్కాల మధ్య గాల్లో ఒక తెల్ల చుక్క. అది మా నాన్న చేతిలోని టోపీ.

"ఇది ఒక మామూలు పనిదినం," అన్నాడు సార్. "ఈ ఆటోలు రోడ్డును ఎంత మింగేస్తున్నాయో మీరే చూడవచ్చు. ఈ అడ్డాను పూర్తిగా తొలగించి, రోడ్డు అంచున రెయిలింగ్ వేయాలని మా సూచన."

ఎవరో, "ఆ చేతులూపడమేంటి?" అని అడిగారు.

"డ్రోన్ కనిపిస్తే ఊపుతారు సార్, సరదాకి," అన్నాడాయన. బల్ల చుట్టూ కొద్దిగా నవ్వారు. తర్వాతి చిత్రం వచ్చింది.

నేను లేవలేదు. మీటింగ్ అయ్యాక తీగలు చుట్టి సంచిలో పెట్టి, మెట్ల దగ్గర ఆయన్ని అందుకున్నాను.

"జాగా ఇయ్యాలని రాస్తం అన్నరు గద సార్."

"రాద్దామనే ఉండె. వాళ్లు ఒప్పుకోరు."

"వాళ్లెప్పుడన్నరు ఒప్పుకోమని?"

ఆయన మెట్లు దిగడం ఆపలేదు. "మొదటి సంది వాళ్లు అడిగేది ఇదే ఎస్తేర్. రోడ్డు ఖాళీ కావాలె. చూపెట్టనీకి లెక్క కావాలె."

"మరి బండ్లను పిలవమన్నది…"

"బండ్లు నేను తెచ్చిన్నా? నేను పెట్టిన ఫోటోల ఒక్క ఆటో అయినా దొంగదున్నదా? లెక్కవెట్టింది నువ్వు. కరెక్ట్‌గ పెట్టినవ్." కింది మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగాడు. గొంతు మళ్లీ చాయ్ హోటల్లో ఉన్నట్టే మెత్తబడింది. "నీ చెయ్యి మంచిగున్నది. ఏడాది కాంగనే నిన్ను పర్మనెంట్ చేయిస్త. ఇంట్ల చెప్పు, ఖుషీ అయితరు."

ఇంట్లో చెప్పాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా.

అమ్మ లేచి నిలబడింది. "నా చేతి కూర తిన్నడే వాడు! గీ కుర్చీల కూసోని తిన్నడు! నువ్వు రేపే పోయి ఆ పని వాని మొహాన గొట్టి రా."

నాన్న నా వైపు తిరిగాడు. అమ్మతో కాదు, నాతో అన్నాడు. "పని ఇడిసిపెట్టకు."

"డాడీ, అడ్డాల చెప్త నేను. సార్ పేరు చెప్త."

"చెప్తే? హన్మయ్య, దుర్గేషు, అందరు పోయి మీ ఆఫీసు ముంగట గూసుంటరు. అడ్డా వస్తదా? రాదు. నీ పని పోతది. గాయన ఇంక నాలుగు ఆఫీసులకు ఫోన్ జేసి గీ పిల్లను పెట్టుకోకున్రంటడు." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అడ్డా సంగతి నేను మాట్లాడుకుంట. నువ్వు అటు రాకు."

నాన్న పని వదలొద్దన్నాడు, ఆఫీసుకు పోయాను. సార్ ఎప్పటిలాగే గుడ్ మార్నింగ్ చెప్పి మల్కాజిగిరి స్టేషన్ దగ్గర కొత్త సర్వే ఇచ్చాడు. అక్కడ జనం ముందు, బండ్ల ముందు నిలబడి గీతలు గీశాను. మధ్యాహ్నాలు డబ్బా ఒక్కదాన్నే తిన్నాను. ఆయన ఒకసారి వచ్చి ఎదురుగా కూర్చుంటే మూత పెట్టేశాను. ఆయన ఫోన్ చూసుకుంటూ లేచి పోయాడు.

మొదటి వానలు పడ్డాక ఒక పొద్దున నాచారం చౌరస్తాలో రెయిలింగ్ బిగించారు. అమ్మ డ్యూటీకి పోతూ బస్సు కిటికీలోంచి చూసిందట. పోలీసులు, క్రేన్, ఇనుప గొట్టాలు, పక్కన నోళ్లు తెరుచుకుని నిలబడ్డ డ్రైవర్లు. అడ్డా చెదిరిపోయి పెట్రోల్ బంకు వెనక సందులో పడింది. ఇంతకుముందు ఉన్న బండ్లలో సగం కూడా అక్కడ పట్టవు. ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో హన్మయ్య కాకే చెప్పాలి.

ఆ వారం నాన్న ప్రతి రోజూ తొందరగా ఇంటికి వచ్చాడు. సవారీల కోసం ఉప్పల్ నుంచి బోడుప్పల్ దాకా, తార్నాక దాకా తిరుగుతున్నాడు. ఎక్కడ ఆగినా అక్కడి అడ్డా వాళ్లు లేపుతున్నారు. ఏమైందని అడిగితే, "వానకు జనం లేరు," అన్నాడు. అసలు సంగతి అమ్మ పట్టుకొచ్చింది. దుర్గేష్ భార్య కూడా అమ్మ పనిచేసే చోటే చేస్తుంది. ఆమె నోటనే విన్నది.

"మీ డాడీ నంబర్ బంద్ జేసిన్రట. ఆ బుధవారం ఫోటోలు సూసే రెయిలింగ్ ఏస్తున్నరని పోలీసులు చెప్పిన్రట. నీ బిడ్డ తెల్సే జేసిందా అని అడ్డా మీద అందరు నిలదీస్తే, బిడ్డకేం తెల్వది, లెక్కింపు ఏ రోజో నేనే ఆమె ఫోన్ల సూసిన, బండ్లన్ని తెప్పియ్యాలన్నది నా తెలివే, అన్నడట."

నాన్న అప్పుడు బయట ఆటో సీటు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు. నేను ఆయన్ని అడగలేదు. సార్ చేసినదానికి నాకు కోపం వచ్చింది, ఏడుపు రాలేదు. నాన్న చేసినదానికి మాత్రం ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నా తరఫున తప్పు మోశాడు, దాంతోపాటు ఆ మనిషి చేసినదాన్ని కూడా కప్పిపెట్టాడు. నరేందర్ అనే పేరు ఆ అడ్డా మీద ఎవరికీ తెలియనే తెలియదు.

మర్నాడు ఆఫీసుకని బయల్దేరి నాచారంలో దిగాను. బంకు వెనక సందులో నీళ్లు నిలిచి ఉన్నాయి. హన్మయ్య కాక ఒక ఆటో వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. దుర్గేష్ నన్ను చూశాడు కాని డాక్టరమ్మా అనలేదు.

"కాకా, మా డాడీ నంబర్ ఎందుకు బంద్ జేసిన్రు?"

"మీ డాడీనే అడుగు బిడ్డా."

"బండ్లను పిలవమన్నది డాడీ కాదు. నేను జెప్పిన. నాకు మా సార్ జెప్పిండు. నరేందర్ అని…"

కాక చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. గిది మీ నాయిన ముందే చెప్పిండు. మా బిడ్డ వస్తది, తప్పు నాదంటది, సార్లదంటది, నన్ను కాపాడుదామని గట్లనే అంటది, నమ్మకున్రి అన్నడు."

పక్కన ఉన్న డ్రైవర్లు తలలు దించుకున్నారు.

"డాడీ చెప్పింది నిజం కాదు కాకా."

హన్మయ్య కాక ఆటో దిగి నా ముందుకు వచ్చాడు. కోపంగా లేడు. అందుకే నాకు భయమేసింది.

"సూడు బిడ్డా. తెలివి తక్కువ పని ఎవ్వడైనా జేస్తడు. నేను గూడ మల్కాజిగిరికెల్లి మా అల్లుని బండి తెప్పిస్తిని ఆ రోజు. అసొంటోనికి కొన్ని రోజులు బంద్ వెట్టి మల్ల నంబర్ ఇస్తం. గని అడ్డా నడుమ నిలబడి, అందరి మొహాలు సూసుకుంట అబద్ధం ఆడినోనికి ఎన్నటికీ ఇయ్యం. గది మొదటి సంది ఉన్న కట్టుబాటు, నేను వెట్టింది గాదు." నా మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు వైపు ఒకసారి చూసి, మళ్లీ నా మొహం చూశాడు. "ఇప్పుడు చెప్పు. మీ నాయిన మాతోని అబద్ధమాడిండా?"

సందు చివర ఎవరో ఉప్పల్, ఉప్పల్ అని సవారీలను పిలుస్తున్నారు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"లేదు కాకా," అన్నాను. "మా డాడీ అబద్ధమాడలే."